నష్టం పెరగకుండా

రాత 1

"నష్టం జరిగిన పిమ్మట ఆ నష్టం పెరగకుండా పాలసీదారు ఏమేమి చేసినదీ ఏ రోజుకారోజు రాసి ఉంచవలెను" అని జలాభయ బీమా కంపెనీ వారి నియమం. రాయకపోతే క్లెయిమ్ చెల్లదట. సరే, రాస్తున్నాను. చదివేది ఎవరో గానీ కాస్త ఓపిక పట్టండి, నాకు పొట్టిగా రాయడం చేతకాదు.

నా పేరు మంగతాయారు. ఊరు లాకులపాలెం, గోదారి పాత పాయ పక్కన. బండి మా ఆయన దొరబాబు పేరు మీద ఉంది. ఆయన లేడు. పోయిన వానలకి, మేం మెట్టకి బయల్దేరాల్సిన రోజుకి ముందు రోజు, బండికి చార్జింగ్ పెట్టించుకుని వస్తూ లాకుల రోడ్డు మీద నీళ్లలో పడిపోయాడు. కిటికీలోంచి ఎలాగో బయటికొచ్చాడు గానీ నీళ్లు లాక్కుపోయాయి. తర్వాత నీళ్లు ఆపే లాకు తలుపుల దగ్గర దొరికాడు. బండి మాత్రం వానాకాలమంతా నీళ్ల కిందే ఉండి, ఇప్పుడు కార్తీకంలో నీళ్లు తీశాక బురదలో బయటపడింది. మా మరిది అబ్బులు క్రేనుతో లాక్కొచ్చి ఇంటి ముందు పెట్టాడు. మునిగిన బండ్లు లాగడమే అబ్బులు పని. అన్న బండి కూడా తన చేత్తోనే లాగాల్సి వచ్చింది.

ఈరోజు చేసిన పని: తలుపులు నాలుగూ బార్లా తీసి పెట్టాను. వెనక సీటు కింద ఒక కొరమేను ఉంది, ఇంకా బతికే ఉంది మహాతల్లి. పక్కింటి సూరన్న వచ్చి, "ఒకసారి ఆన్ చేసి చూద్దాం చెల్లెమ్మా, ఏమో, లేచి కూర్చుంటాదేమో" అన్నాడు. చెయ్యి విరిచినంత పని చేశాను. మునిగిన బండిని ఆన్ చేస్తే నీళ్లు చేసిన నష్టం కాస్తా మనం చేసిన నష్టం అయిపోతుంది. ఆ తర్వాత కంపెనీ వాళ్ల కాళ్ల మీద పడ్డా వినరు. లాకులపాలెంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది, సూరన్నకి తప్ప.

మాది బండికి బండి పాలసీ. ముంపులో పాడైతే ఇంకో బండి ఇస్తారు. షరతు ఒక్కటే. నీళ్లు బండి దగ్గరికి వస్తే ఇస్తారు. బండి నీళ్ల దగ్గరికి వెళ్తే ఇవ్వరు.

నాకు బండి ఎందుకో కూడా రాస్తాను. వానలు మొదలైతే ఈ ఊళ్లో మిగిలేవి కప్పలు. బండి ఉన్నవాళ్లు మెట్ట మీదికి పోయి, రోడ్ల పక్కన వరసలు కట్టి, వానలు తగ్గేదాకా బండ్లలోనే కాపురం చేస్తారు. లేనివాళ్లు పంటు ఎక్కాలి. మా తాతల కాలంలో పంటు అంటే గోదారి దాటించేదట. ఇప్పుడది నీళ్ల మీద తేలే రేకుల కొట్టు. ఊరి జనమంతా అందులోనే వండుకోవాలి, అందులోనే పడుకోవాలి, ఒకళ్ల మొహాన ఒకళ్లు దగ్గుకోవాలి. పోయినసారి నేనూ మా అమ్మాయి పద్మినీ అందులోనే ఉన్నాం. పద్మినికి తొమ్మిదేళ్లు. పుట్టినప్పట్నుంచీ ఆయాసం. ఆ చెమ్మకీ ఆ బూజుకీ దిగేనాటికి పిల్ల పెదాలు నీలంగా అయిపోయాయి. మెట్ట ఆసుపత్రి డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇంకోసారి పంటు ఎక్కిస్తే పిల్లని దింపుకోవు" అంది.

అబ్బులు క్రేనులో ఉంచవచ్చు కదా అంటారేమో. క్రేను యజమానిది, వానల్లో అది నీళ్లగట్టునే ఉండాలి. ఎవరి బండిలో వాళ్ల జనానికే కాళ్లు చాపుకునే చోటు ఉండదు, ఇంక మమ్మల్నెవరు ఎక్కించుకుంటారు. కాబట్టి తొలకరి లోపు నాకు బండి కావాలి.

రాత 2

సీట్లు నాలుగూ ఊడదీశాం. అబ్బులు మరలు విప్పాడు, నేను స్పాంజి పిండాను. పిండిన కొద్దీ గోదారి వస్తూనే ఉంది.

నా ఉద్యోగం ఆరబెట్టడం. ఊరి చివర వేడిగాలి షెడ్డులో పని. నీళ్లు తీశాక జనం తడిసినవన్నీ పట్టుకొస్తారు. పట్టుచీరలు, పరుపులు, చదువు కాయితాలు, ఒకాయనైతే హార్మోనియం తెచ్చాడు. దేనికి ఎంత వేడి పెట్టాలో, దేన్ని నీడలోనే ఉంచాలో నా చేతికి తెలుసు. ఊరందరి సామానూ ఆరబెట్టేదాన్ని, నా బండి ఆరబెట్టుకోలేనా. బూజు రేగితే పద్మినికి పడదని దాన్ని గాలికి ఎదురువైపు అరుగు మీద కూర్చోబెట్టాను. అక్కడ్నుంచే పెత్తనం చేస్తోంది. "బాబాయ్, ఆ మూల తుడవలేదు."

వాళ్ల బాబాయి తుడుస్తాడు. అన్న పోయిన దగ్గర్నుంచీ అబ్బులు రోజూ వస్తాడు, చెప్పిన పని చేస్తాడు, తల వంచుకుని పోతాడు. పదిసార్లు కదిపితే ఒక మాట.

అంతకు ముందు మా గడప తొక్కేవాడు కాదు. అన్నదమ్ములకి మాటలు లేవు. మా అత్తగారు నాలుగేళ్ల కిందట, మాకింకా బండి లేని రోజుల్లో, వానల్లో పంటులోనే పోయింది. కబురు పెడితే అబ్బులు రాలేదు. ఎవరిదో పెద్దవాళ్ల బండి బురదలో దిగబడిందని దాన్ని లాగుతూ ఉండిపోయాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. "నాకు తమ్ముడు లేడు" అన్నాడు మా ఆయన. కోపంలో అన్నాడులే, నాలుగు రోజులు పోతే మెత్తబడతాడు అనుకున్నాను. మెత్తబడలేదు. మొండితనంలో ఆ అన్నదమ్ములు ఒకరికొకరు తీసిపోరు.

రాత 6

ఈరోజు సర్వేయరు వచ్చాడు. పేరు భానోజీ గారు. మంచి మనిషే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. నీళ్లు ఎంత ఎత్తున నిలబడ్డాయో తలుపుల మీద గీతలు చూసి ఫొటోలు తీసుకున్నాడు. "ఆన్ చెయ్యలేదు కదమ్మా" అని అడిగాడు. లేదన్నాను. నా రాతలు తిరగేసి, "కొరమేను సంగతి అక్కర్లేదమ్మా" అన్నాడు.

మా బండి నోటి మాటతో నడిచేది, స్టీరింగ్ ఉండదు. తర్వాత అది ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి మాటల పెట్టె బయటికి తీశాడు. కోడిగుడ్డంత ఉంది. బండికి మనం ఇచ్చిన ఆర్డర్లు మాత్రమే అందులో ఉంటాయట. మీట నొక్కాడు.

బండి గొంతు: "ముందు నీరు ఉంది. ఆపమంటారా, పోనివ్వమంటారా?"

మా ఆయన గొంతు: "పోనియ్."

ఆయన పోయాక ఆ గొంతు వినడం అదే మొదలు. బండి అంచు పట్టుకుని నిలబడ్డాను. అరుగు మీంచి పద్మిని, "నాన్న" అంది.

భానోజీ గారు పెట్టె కింద పెట్టి, "బండి అడిగిందమ్మా. ఆయన పొమ్మన్నారు. ఇది బండి నీళ్ల దగ్గరికి వెళ్లిన కేసు అవుతుంది" అన్నాడు.

"ఆయనకి నీళ్లంటే భయమండి. వీధిలో మోకాల్లోతు నీళ్లుంటే ఆ వేళ పని మానేసి కూర్చునే మనిషి. ఆయన పోనియ్ అనడు."

"గొంతు ఆయనదేనా?"

"ఆయనదే."

"మరింకేం చెయ్యనమ్మా."

ఆ గొంతు బండితో మాట్లాడే గొంతు కాదని నాకు తెలుస్తూనే ఉంది. బండితో అయితే ఆయన గట్టిగా, రెండుసార్లు, బస్సు తలుపు చరిచే క్లీనరులాగా "పోనియ్ పోనియ్" అంటాడు. ఇది మెత్తగా ఉంది. బండి కదలాలన్నా మనం పోనియ్ అంటాం, మనసులో పెట్టుకున్నది వదిలెయ్యమన్నా పోనియ్ అంటాం. బండికి తెలుగు నేర్పిన పెద్దమనుషులు సగం నేర్పి ఊరుకున్నారు. ఆ మాట భానోజీ గారి మొహం మీదే అనేశాను. పాపం, ఆయన మాత్రం ఏం నేర్పాడు.

"బండి లోపలి చప్పుళ్లన్నీ వేరే చోట ఉంటాయమ్మా, మెట్ట ఆఫీసులో తాళం వేసి ఉంచుతారు. అర్జీ పెట్టండి, వినిపిస్తారు" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

అర్జీ పెట్టాను. ఈరోజు బండికి ఏం చేశానంటే, ఏమీ చేయలేదు.

రాత 9

తలుపుల రబ్బరు సందుల్లో బురద గట్టిపడిపోయింది. పాత పళ్ల బ్రష్షులు పట్టుకుని నేనొక తలుపు, అబ్బులు ఒక తలుపు గీకుతున్నాం. పద్మిని ఉన్నట్టుండి, "బాబాయ్, నాన్న నీతో మాట్లాడేవాడు కాదు కదా. నీకు బాధగా ఉండేదా?" అంది. పిల్లలకి ఏది ఎప్పుడు అడగాలో తెలీదు. నేను కసిరి లోపలికి పంపాను.

అబ్బులు గీకుతూనే ఉన్నాడు. ఆ తలుపు సగం అయ్యాక, "ఆ రోజు ఫోన్ చేశాను వదినా" అన్నాడు.

"ఏ రోజు?"

"అదే రోజు. నీళ్లొత్తన్నాయంటే భయమేసింది. ఈ వానలకి ఎవడుంటాడో ఎవడు పోతాడో అనిపించి చేశాను. ఎత్తాడు. తప్పయిపోయింది అన్నయ్యా, అమ్మ దగ్గరికి రాలేకపోయాను, నన్ను క్షమించు అన్నాను. ఏడిచేశాను కూడా." బ్రష్షు మీద బురద చొక్కాకి తుడుచుకున్నాడు. "ఊఁ అన్నాడు. వింటన్నాను అన్నాడు. అంతే. కట్ చేసేశాడు."

"సిగ్నల్ పోయుంటుంది."

"కట్ చేశాడు వదినా. నన్ను క్షమించకుండానే పోయాడు."

ఇంత పెద్ద మనిషి, ఇనప తాళ్లతో బండ్లు లాగేవాడు, మొహం అటు తిప్పుకుని తలుపు గీకుతున్నాడు. ఆ తలుపులో గీకడానికి బురద ఏమీ మిగల్లేదు. నేను కూడా గీకుతూ కూర్చున్నాను.

రాత 11

ఈ రాత జలాభయ వారికి పంపను. వాళ్లకి వేరే రాశాను, "చక్రాలకు నూనె పెట్టితిని" అని. ఇది నాకోసం.

మెట్ట ఆఫీసులో వినిపించారు. నన్నొక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి చెవులకి తగిలించారు. ఫోన్ ఆయన చెవి దగ్గర ఉంది కాబట్టి అవతలి గొంతు వినిపించదు, ఈయనది ఒక్కటే వినిపిస్తుంది. వాన చప్పుడు. "ఊఁ." మళ్లీ వాన. "ఊఁ. వింటన్నాను." ఇంకా వాన. "ఏడవకు." అప్పుడు బండి, ఆ దరిద్రపు మర్యాద గొంతుతో, "ముందు నీరు ఉంది. ఆపమంటారా, పోనివ్వమంటారా?" దాని మాట ఇంకా పూర్తికాకుండానే ఈయన, ఎంతో మెత్తగా, "పోనియ్ రా."

మోటారు చప్పుడు మొదలైంది. నేను చెవుల్లోవి పీకి బల్ల మీద పడేశాను. తర్వాతిది వినే ధైర్యం నాకు లేదు.

ఆయన అన్నది బండిని కాదు. తమ్ముణ్ణి. బండికి పోనియ్ ఒక్కటే కావాలి, రా దానికి అక్కర్లేదు. లాకుల దగ్గర వానొస్తే సిగ్నల్ నిలవదని ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన ఏడవకు అనేసరికే ఫోన్ పోయింది. నాలుగేళ్ల కోపం వదిలేస్తూ ఆయన అన్న ఒక్క మాట, వినాల్సినవాడికి వినపడలేదు. వినకూడనిది వినేసింది.

భానోజీ గారు మంచినీళ్లు ఇచ్చి, "ఆర్డరు దాటాక ఉన్నది ఇంటివాళ్లు అడిగితే తప్ప మేం వినకూడదు. విన్నంతవరకు బండితో అనలేదమ్మా, నాకూ అర్థమైంది. ఎవరితో అన్నారో ఆయన వచ్చి, నాతోనే అన్నారని ఒక్క మాట చెప్తే చాలు. కేసు మారిపోతుంది, బండి వచ్చేస్తుంది. ఎవరో తెలుసా?" అని అడిగాడు.

"తెలీదండి" అన్నాను.

ఎందుకలా అన్నానో బస్సులో కూర్చున్నాక గానీ నాకే తెలియలేదు. అబ్బులుకి ఏమని చెప్పను? మీ అన్న నిన్ను క్షమించాడురా అని చెప్పాలి. ఆ క్షమించిన మాటే ఆయన్ని నీళ్లలోకి తీసుకుపోయిందిరా అని కూడా చెప్పాలి. నువ్వు ఫోన్ చెయ్యకపోతే బతికుండేవాడు అని నేను అననక్కర్లేదు, వాడే అనుకుంటాడు. అనుకున్నాక వాడు మనిషిగా మిగలడు.

రాత 14

సగం చెప్పి చూశాను.

"మీ అన్నయ్యకి నీ మీద కోపం లేదు అబ్బులూ."

"నీకెలా తెలుసు?"

"తెలుసులే" అన్నాను.

"ఊరుకో వదినా" అన్నాడు. "నన్ను ఊరడించకు. కట్ చేసింది నా చెవులతో విన్నాను."

సగం నిజం ఎవరికీ అక్కరకు రాదు. వాడు వెళ్లిపోయాక నాకు దొరబాబు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నాలుగేళ్లు పట్టుకుని కూర్చున్నవాడివి, ఇంకో గంట పట్టుకోలేకపోయావా. ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, అప్పుడు అనొచ్చు కదా ఆ మాట. ఇలా రాస్తుంటే ఏడుపొస్తోంది. పోయిన మనిషితో పోట్లాడే అలవాటు నాకు ఇంకా పోలేదు.

రాత 18

చైత్రం వచ్చేసింది. బండి తళతళలాడుతోంది, కదలదంతే. సీట్లు మళ్లీ బిగించాం. సూరన్న వచ్చి, "పెళ్లికూతుర్లా ఉంది, ఏం లాభం" అన్నాడు. ఈసారి నేనేం అనలేదు, నిజమే కదా.

పంటు వాళ్లు వీధి వీధీ తిరిగి పేర్లు రాసుకుంటున్నారు. మా ఇంటి ముందు ఆగి, "ఇద్దరేనా?" అన్నారు. తర్వాత చెప్తానన్నాను. తర్వాతంటే చోటుండదు అన్నారు. రాసుకోమన్నాను.

వాళ్లు వెళ్లాక పద్మిని నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఈసారి నేను పైన రేకు మీద కూర్చుంటానే. వాన పడినా పర్లేదు. లోపలైతే ఊపిరి రాదు" అంది. ఏడవలేదు, మారాం చేయలేదు. ఎక్కడ కూర్చోవాలో ఆలోచించి పెట్టుకుంది.

అబ్బులు నా మరిది. వాడి ప్రాణం నాకు తీపే. కానీ అది నా కూతురు. ఎటు చూసినా గొయ్యే కనిపిస్తోంది నాకు. ఆలోచించగా ఆలోచించగా ఒక దారి తట్టింది. ఫోన్లో అవతల ఉన్నది నేనేనని చెప్తాను. ఆ ఫోన్ గోదారిలో పోయింది, ఎవరు చూడొచ్చారు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నారు, ఆయన పోనియ్ అన్నాడు. ఎవరికీ అపకారం లేని అబద్ధం. భానోజీ గారికి ఫోన్ చేసి, మనిషి దొరికిందండి, తీసుకొస్తాను అన్నాను.

రాత 20

ఇది జరిగింది జరిగినట్టు రాస్తాను.

బస్సులు నిండిపోయాయని అబ్బులే యజమానిని అడిగి క్రేనులో మమ్మల్ని మెట్ట ఆఫీసుకి తీసుకెళ్లాడు. వాడు బయట బల్ల మీద పద్మినితో కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లాను.

"ఎవరమ్మా ఆ మనిషి?" అన్నాడు భానోజీ గారు.

"నేనేనండి. అప్పుడు సిగ్గుపడి చెప్పలేదు. ఇద్దరం పోట్లాడుకున్నాం. నేను ఏడిచాను. ఆయన పోనియ్ అన్నాడు."

ఆయన తలూపాడు. "పై వాళ్లకి పంపాలి, ఒకసారి వినిపిస్తూ రాసుకుంటాను" అని, ఈసారి చెవులకి కాకుండా పైకే పెట్టాడు. వాన. ఊఁ. వింటన్నాను. ఏడవకు. బండి అడిగింది. "పోనియ్ రా."

ఆపాడు. కలం పట్టుకుని నావైపు చూశాడు.

"మిమ్మల్ని 'రా' అనేవారా అమ్మా?"

అది తమ్ముణ్ణి అన్న రా అని తెలిసీ, నాతో అన్నాడంటే పొసగదని నాకు తట్టలేదు. "ముద్దుగా అనేవాడండి" అన్నాను.

భానోజీ గారు నొచ్చుకుంటూనే ఇంకోటి పెట్టాడు. ఏదో పాత రోజుది. "తాయారుగారండీ, తలుపేశారా? ఎక్కండి, తమరి కోసమే ఆగింది బండి." మా ఆయన గొంతు, నన్ను ఆటపట్టిస్తూ. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. పెళ్లయిన కొత్తలో నేను గీర చూపించానని మొదలుపెట్టి, పోయేదాకా మానలేదు. ఏమండీ అనేవాడు, గారండీ అనేవాడు. ఒక్కనాడు కూడా రా అనలేదు.

"రాసుకోలేనమ్మా" అన్నాడు ఆయన. "రాసినా పైన కొట్టేస్తారు. నిజం చెప్పండి. ఎవరిని?"

"నన్నండి" అని వెనకనుంచి వినిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో అబ్బులు, భుజం మీద పద్మిని. బయట దుమ్ముకి పిల్లకి ఆయాసం వస్తే చల్లగదిలో కూర్చోబెడదామని తీసుకొచ్చాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు.

"నన్నే అన్నాడండి" అన్నాడు మళ్లీ. "నేను ఆయన తమ్ముణ్ణి. ఆ ఫోన్ నాది."

"అబ్బులూ, నువ్వు బయటికెళ్లు" అన్నాను.

వాడు నా మాట వినిపించుకోలేదు. పద్మినిని కుర్చీలో కూర్చోబెట్టి బల్ల దగ్గరికి వచ్చాడు. "తర్వాతది పెట్టండి బాబూ."

"వద్దండి" అన్నాను. భానోజీ గారు మా ఇద్దర్నీ చూశాడు. "పెట్టండి" అన్నాడు అబ్బులు. పెట్టాడు.

"పోనియ్ రా. అయిందేదో అయింది. అమ్మకి నువ్వంటేనే ఎక్కువ, నాకు తెలుసు. నువ్వూ ఎక్కడో కూర్చుని ఏడిచే ఉంటావు." మోటారు కదిలిన చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. ఆయనకి వినపడటం లేదు. "రేపు అన్నానికి రా. వదిన పులుసు పెడతాది. మెట్టకి అందరం కలిసే ఎల్దాం. ఏరా, వింటన్నావా? అబ్బులూ? ఒరే అబ్బులూ?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను నాలుగేళ్లుగా వినలేదు. ఆ తర్వాత నీళ్ల చప్పుడు. "ఏయ్, ఆగు. ఆగు." భానోజీ గారు ఆపేశాడు.

నీళ్లంటే అంత భయపడే మనిషి, బండి నీళ్లలోకి దిగుతుంటే చూసుకోలేదు. తమ్ముడు దొరికాడన్న సంతోషంలో ఉన్నాడు. నాకు ఇన్నాళ్లూ అర్థం కానిది అదే. అర్థమయ్యాక ఇంకా బాధగా ఉంది.

"కట్ చెయ్యలేదు" అన్నాడు అబ్బులు. ఆ మాటే రెండుసార్లు అన్నాడు. ఆ పెట్టె వైపు చూస్తూ, "నాతో అన్న మాట బండి తీసేసుకుంది" అన్నాడు. వాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

కారణం అని ఒక గడి ఉంది. నీళ్లు బండి దగ్గరికి వచ్చాయని తేల్చాలంటే, ఫలానా మనిషితో మాట్లాడుతుండగా అని అందులో పేరు రాయాలట. భానోజీ గారు కలం పెట్టి ఆగిపోయాడు.

"రాయండి" అన్నాడు అబ్బులు. తన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు నిదానంగా చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో పద్మిని నా ఒళ్లో నిద్రపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు వదినా?"

"మాఘం నుంచి."

"రెండూ తెలుసా?"

"రెండూ."

"మొదటిది చెప్పాల్సింది."

"రెండోది లేకుండా మొదటిది ఎలా చెప్పను అబ్బులూ. ఎన్నిసార్లు చూశానో, విడదీయడం నా వల్ల కాలేదు."

వాడు మమ్మల్ని దింపి, పిల్లని మంచం మీద పడుకోబెట్టి వెళ్లిపోయాడు.

రాత 21

క్లెయిమ్ ఒప్పుకున్నారు. మృగశిర లోపు బండి వస్తుంది. పంటు వాళ్లని పిలిచి మా పేర్లు కొట్టేయించాను. పద్మిని ఆ సంగతి వీధంతా చెప్పి వచ్చింది. రాతలు ఇక పంపనక్కర్లేదని భానోజీ గారు కబురు పెట్టాడు.

అబ్బులు రావడం మానేశాడు. మొదటి రోజు పనుందేమో అనుకున్నాను. తర్వాత అనుకోవడానికి ఏమీ దొరకలేదు. సూరన్నని పంపితే, క్రేను గట్టున ఖాళీగా ఉంది, మనిషి లేడన్నాడు. నేను లాకుల దాకా పోయి చూసొచ్చాను. లాకు తలుపుల కింద నీళ్లు కొంచెమే ఉన్నాయి. అయినా వంగి వంగి చూశాను. నాకు బండి దక్కింది, దానికి బదులు వీణ్ణి ఇచ్చుకున్నానా అని ఆ గట్టు మీద కూర్చుని గట్టిగానే ఏడిచాను. అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు.

ఈరోజు మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి చారు కాస్తుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. అబ్బులు. గడ్డం గీసుకుని, తల స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో అరటిపళ్లు పట్టుకుని చుట్టంలాగా బయటే నిలబడ్డాడు. మొహం పీక్కుపోయింది. ఎక్కడికి పోయావని అడగబోయి మానేశాను.

"అన్నయ్య రేపు అన్నానికి రమ్మన్నాడు కదా వదినా" అన్నాడు. అరటిపళ్లు రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "ఆలస్యమైపోయింది."

ఇంట్లో చేప లేదు. పులుసుకి ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను, చారు ఒక్కటే ఉంది అబ్బులూ అని.

"చారే పెట్టు."

పద్మిని లేచి పీట వేసింది. "కాళ్లు కడుక్కో, వడ్డిస్తాను" అన్నాను.